చింతపండు, సున్నం, తొమ్మిదో తరగతి కెమిస్ట్రీ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఎఫ్‌ఏ-1 (మొదటి ఫార్మేటివ్ పరీక్ష) పేపర్లు దిద్దడం అయిపోయింది. మార్కులు, ఈ ఉత్తరం ఒకే రోజు మీ చేతికి వస్తాయి. తొమ్మిదో తరగతి సైన్స్ మార్కులు చూసి టెన్షన్ పడేలోపు దీన్ని చదవండి. హెడ్మిస్ట్రెస్ నయ్యాక ఆఫీసు పనుల్లో పడి చాక్‌పీస్ పట్టడం తగ్గింది గానీ, నేను మొదటి నుంచీ ఫిజికల్ సైన్స్ టీచర్నే. ఈసారి సగం పేపర్లు నేనే దిద్దాను.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే చర్యకు తుల్య సమీకరణం (రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోయేది) రాయమని ఒక ప్రశ్న ఇచ్చాం. చాలామంది ఎడమవైపు హెచ్2, ఓ2 రాసి, కుడివైపు హెచ్2ఓ2 అని పెట్టేశారు. లెక్క సరిపోయింది. అటు రెండు, ఇటు రెండు. చిక్కేమిటంటే హెచ్2ఓ2 నీళ్లు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. బాగా పలచన చేసి పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్ముతారే, అది. దాహమేస్తే దాన్ని చెంబులో పోసుకుని తాగం.

క్లాసుకు వెళ్లి ఆటో కథ చెప్పాను. ఆటోకి ఒక ఇంజను, మూడు చక్రాలు. షెడ్డులో ఒక చక్రం మిగిలిపోయిందని దాన్ని తెచ్చి ఎవరైనా నాలుగో చక్రంగా బిగిస్తారా? తక్కువ పడిన సామాను తెప్పించి ఇంకో ఆటో కడతారు. నీటి అణువూ అంతే. దానికి రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ చాలు. కానీ ఆక్సిజన్ వచ్చేటప్పుడు జంటగా వస్తుంది, ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలినదాని కోసం ఇంకో జత హైడ్రోజన్ తెచ్చి రెండో నీటి అణువు కట్టాలి. అందుకే 2హెచ్2 + ఓ2 → 2హెచ్2ఓ. ముందు రాసే పెద్ద అంకె ఎన్ని ఆటోలో చెబుతుంది, దాన్ని మనం మార్చుకోవచ్చు. కింద ఉండే చిన్న అంకె ఒక ఆటోకి ఎన్ని చక్రాలో చెబుతుంది, దాని జోలికి పోకూడదు. "అయితే హెచ్2ఓ2 అంటే టాటా ఏస్ అనుకోవచ్చా మేడమ్?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. అనుకోవచ్చన్నాను. వాడికి ఆ ప్రశ్నకు సున్నా వచ్చింది, కానీ ఆ రోజు నా లెక్కలో క్లాసు ఫస్టు వాడే.

ఈ తప్పు చేసిన పిల్లలకు తెలివి తక్కువేం కాదు. అక్షరాలూ అంకెలూ ముందు వచ్చేశాయి, వాటి వెనకున్న వస్తువు ఇంకా కళ్ల ముందుకు రాలేదు. నా చదువూ అలాగే సాగింది. సంయోజకతల (ఒక్కో పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే అంకెల) పట్టికను పదేసిసార్లు కాపీ చేయించేవారు. ప్రయోగశాల బీరువాకు తాళం ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో నేను పది పాసై బయటికి వచ్చేదాకా తెలియలేదు. మా అక్క పెళ్లిలో పారాణి కలుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. పసుపులో కాస్త సున్నం పడగానే ఎర్రగా తిరిగింది. ఆమ్లమో క్షారమో రంగు మారి చెప్పే పదార్థమే సూచిక అన్న నిర్వచనం అప్పటికే నాకు నోటికి వచ్చు. ఆ పళ్లెంలో జరిగింది అదేనని తట్టడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

అందుకే ఈ నెల మీకు చిన్న పని చెబుతున్నాను. ఇంట్లో పాఠం అప్పజెప్పించుకోవడం నాలుగు రోజులు ఆపి, వంటింట్లో జరిగేదాన్ని పిల్లల చేత చెప్పించండి.

శ్రావణ మాసం కాబట్టి సామానుకు కొదవ లేదు. వరలక్ష్మీ వ్రతానికి ఇత్తడి, రాగి సామాను చింతపండుతో తోముతారు. నల్లబడిన రాగి మీద ఉన్నది ఎక్కువగా కాపర్ ఆక్సైడ్. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, కింద ఉన్న లోహం బయటపడుతుంది. ఆమ్లాలు లోహ ఆక్సైడ్లతో చర్య జరుపుతాయని పుస్తకంలో ఉన్న వాక్యానికి ఇంతకంటే మంచి ప్రయోగం మా ల్యాబులోనూ లేదు. వెండి కుందులు నల్లబడటానికి కారణం వేరు. గాలిలో కొద్దికొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి పైన వెండి సల్ఫైడ్ పొర కడుతుంది. మరి తిరుమలలో ఆనంద నిలయం మీది బంగారు తాపడం ఎండకూ వానకూ ఎందుకు మెరుస్తూనే ఉంటుందో మీ పిల్లల్ని అడగండి. లోహాల చర్యాశీలత శ్రేణిలో (ఏ లోహం ఎంత తొందరగా చర్య జరుపుతుందో చూపే వరుసలో) బంగారం ఎక్కడుందో వెతుక్కుని వచ్చి చెబుతారు. హారతి కర్పూరం బిళ్లను మూత లేకుండా వదిలేస్తే నాలుగు రోజుల్లో చిక్కిపోతుంది. అది ఉత్పతనం, అంటే ద్రవం కాకుండానే నేరుగా ఆవిరైపోవడం; భౌతిక మార్పు. అదే బిళ్లను వెలిగిస్తే రసాయన మార్పు. ఒకే వస్తువు, రెండు దారులు. పరీక్షలో "తేడాలు రాయండి" అని వచ్చే ప్రశ్న ఇదే.

సున్నం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, నాకు చాలా ఇష్టమైన పాఠం. బట్టీలో సున్నపురాయిని బాగా కాలిస్తే పొడిసున్నం వస్తుంది, కార్బన్ డై ఆక్సైడ్ గాలిలోకి పోతుంది. పొడిసున్నం మీద నీళ్లు పోస్తే కుతకుతలాడుతూ వేడెక్కి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు వేస్తాం. ఆరాక అది గాలిలోంచి నెమ్మదిగా కార్బన్ డై ఆక్సైడును తీసుకుని గట్టిపడుతుంది. అంటే గోడ మీద మళ్లీ సున్నపురాయే తయారవుతుంది. బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి తెచ్చుకుంటుందన్న మాట. లెక్క కూడా ఎంత కచ్చితంగా ఉంటుందో చూడండి. పరమాణు ద్రవ్యరాశులు కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16 అని పిల్లలకు తెలుసు. 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది, 44 గ్రాములు గాలిలో కలుస్తుంది. ఆ 56 గ్రాములు 18 గ్రాముల నీళ్లు పట్టుకుంటే 74 గ్రాముల తడిసున్నం. ఈ అంకెలు బల్ల మీద రాశాక ఒక అమ్మాయి అడిగింది: "మా అవ్వ తమలపాకుకు రాసుకునేది, పుస్తకంలో కాల్షియం హైడ్రాక్సైడ్, రెండూ ఒకటేనా?" ఒకటేనమ్మా. ఇంట్లో బుజ్జి, హాజరు పట్టీలో ఇంకో పేరు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. సోడియంకు ఎన్‌ఏ, ఇనుముకు ఎఫ్‌ఈ, బంగారానికి ఏయూ అని సంకేతాలెందుకో తెలియక పిల్లలు వాటిని శాపంలా మోస్తుంటారు. అవి లాటిన్ పేర్లు: నేట్రియం, ఫెర్రం, ఆరం. ఇది ఒక్కసారి చెబితే సగం భారం దిగుతుంది. మిగతా సగం బట్టీ పట్టాల్సిందే. బట్టీ అన్నదే తప్పని ఈ మధ్య కొందరు అంటున్నారు, నేను ఒప్పుకోను. ఎక్కాలు నోటికి రానిదే లెక్కలు ఎలా చేస్తారు? 118 మూలకాలూ అక్కర్లేదు, మొదటి 20 మూలకాలు, వాటి సంయోజకతలు నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. నా ఫిర్యాదల్లా బట్టీ దగ్గరే చదువు ఆగిపోవడం గురించి.

పోయిన వారం జరిగింది చెబుతాను. రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదని లావోయిజర్ చెప్పిన ద్రవ్యనిత్యత్వ నియమం చూపించడానికి సీసాలో నిమ్మరసం పోసి, బెలూన్‌లో వంటసోడా వేసి మూతికి తగిలించి, అంతా కలిపి తూచాం. తర్వాత సోడాను లోపలికి వంచితే బుసబుసా పొంగి బెలూన్ ఉబ్బింది. మళ్లీ తూస్తే గ్రామున్నర తగ్గింది! "లావోయిజర్ తప్పా మేడమ్?" అని క్లాసంతా ఒకటే గోల. వాయువు ఎక్కడా కారలేదు. బెలూన్ లీటరుకు పైగా ఉబ్బి ఆ మేరకు గాలిని పక్కకు నెట్టింది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. నీళ్లలో మునిగిన బిందె తేలికైనట్టే, గాలిలో ఉబ్బిన బెలూన్ త్రాసుకు తేలికగా కనిపించింది. గట్టి మూత ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో చిటికెడు సోడాతో మళ్లీ చేశాం. ఈసారి ముల్లు కదల్లేదు. నిజం చెప్పాలంటే, మొదటిసారే సరిగ్గా వచ్చి ఉంటే ఆ పీరియడ్ ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇంగ్లిష్ మీడియం పాఠాలు మాకేం అర్థమవుతాయని కొందరు తల్లులు అంటున్నారు. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో అదే పాఠం పక్క పేజీలో తెలుగులో ఉంటుంది. వేలెన్సీ అన్నా సంయోజకత అన్నా ఒకటే: ఒక పరమాణువు ఎన్ని బంధాలు కట్టగలదో చెప్పే అంకె. ఆ తెలుగు పేజీ మీరు చదివి, మీ అబ్బాయి చేత ఇంగ్లిష్ పేజీ చదివించుకుని, ఇద్దరూ కలిపి చూసుకోండి.

ఇక జాగ్రత్తలు. ఇవి దయచేసి సరదాగా తీసుకోకండి. వీడియోలు చూసి పిల్లలు ఇంట్లో ప్రయోగాలు మొదలుపెడుతున్నారు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపనివ్వకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. పొడిసున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు, కాబట్టి దాన్ని ప్రయోగానికంటూ బడికి పంపకండి, మా దగ్గర ఉంది. మామిడి మండీల దగ్గర దొరికిన కార్బైడ్ రాళ్లను ఒకరిద్దరు జేబులో పెట్టుకుని వచ్చారు. దానికి తడి తగిలితే మంటంటుకునే ఎసిటిలీన్ వస్తుంది. కాయలు మాగేయడానికి కార్బైడ్ వాడటం చట్టరీత్యా నిషేధం కూడా.

వచ్చే నెల తొమ్మిది, పది తరగతుల వాళ్లను శ్రీకాళహస్తిలో ఒక కలంకారి పని చూడటానికి తీసుకెళ్తున్నాం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసిన బట్ట మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి చేసిన కసిమితో గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్ అనే పదార్థం ఇనుముతో కలిసి గీత నల్లగా తేలుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూస్తారు, రంగునీళ్లలో ఉడికించినప్పుడు అక్కడే ఎరుపు పట్టుకుంటుంది. పుస్తకంలో నాలుగు పేజీల ఆమ్లాలు, లవణాలు ఆ బట్ట మీద ఉన్నాయి. రాలేనివాళ్లు ఏదైనా ఆదివారం అలిపిరి దగ్గరున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికైనా పిల్లల్ని తీసుకెళ్లండి. అంగీకార పత్రం ఈ ఉత్తరంతోనే పిన్ను చేసి పంపుతున్నాం, సంతకం చేసి సోమవారం లోపు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.

ఈ నెల చివరి శనివారం మధ్యాహ్నం సైన్స్ గది మీ కోసం తెరిచి ఉంటుంది. పిల్లలు పసుపు పూసిన కాగితాలు తయారు చేసి, మీరు తెచ్చిన వస్తువుల్లో ఏది ఆమ్లమో ఏది క్షారమో మీకే చూపిస్తారు. నిమ్మకాయ, మజ్జిగ, సబ్బు, బట్టల సోడా, బోరు నీళ్లు, ఏదైనా చిన్న సీసాలో తీసుకురండి. పసుపు కాగితం క్షారాన్నే పట్టిస్తుంది, ఆమ్లానికి రంగు మారదు. అందుకని పక్కన లిట్మస్ కూడా పెడుతున్నాం. ఆ రోజు తెల్లబట్టలు మాత్రం వద్దు. పసుపు మరక మీద సబ్బు పడితే ఏ రంగు తేలుతుందో పిల్లలకు తెలుసు గానీ, ఇస్త్రీ చొక్కా మీద ఆ ప్రయోగం చేయడం మా ఉద్దేశం కాదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి