పదమూడో ఎక్కం

ఒరేయ్ శీనూ,

ఏట్రా, ఎలా ఉన్నావ్? పిన్ని ఎలా ఉంది? తిట్టాలనుకుంటే ముందే తిట్టేయ్, నాలుగు నెలలైంది నీకు నాలుగు ముక్కలు రాసి. మూడుసార్లు మొదలెట్టి చెరిపేశాన్రా. ఎందుకో కింద చెప్తా, ఇప్పుడే అడక్కు. మా సంగతులు గబగబా చెప్పేస్తా: ఉద్యోగం బానే ఉంది, ఇల్లు మారాం, స్టేషన్ దగ్గరే, సుధకి నైట్ షిఫ్టులు తప్పాయి, చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి, ఆ బోసినోటితోనే నా ఫ్రెంచ్ దిద్దుతోంది. అంతే, ఇంకేం లేవు.

అసలు విషయం. మొన్న ఆగస్టు 15న బలోన్ దాల్జాస్ ఎక్కేశాన్రా! సైకిల్ మీద! కాలు కింద పెట్టకుండా అని రాద్దామనుకున్నా గానీ ఒకచోట పెట్టా, ఆ చోటు గురించే ఈ ఉత్తరమంతా.

బలోన్ దాల్జాస్ అంటే ఇక్కడ ఫ్రాన్స్‌లో మా బెల్ఫోర్ ఊరికి ఉత్తరాన ఉన్న కొండ, వోజ్ కొండల్లోది. ఈ వోజ్ కొండలు ఆల్ప్స్ లాగ మొనదేలి ఉండవు, గుండ్రంగా, మీద దుప్పటి కప్పినట్టు అడవి. రోడ్డు దాటే కనుమ దగ్గర 1171 మీటర్లు, శిఖరం 1247. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం వాళ్ళు 1905లో మొదటిసారి నిజమైన కొండ ఎక్కించాలనుకుని పట్టుకొచ్చింది ఈ రోడ్డుకే. జిరోమాన్యీ అనే ఊరు నుంచి దాదాపు 13 కిలోమీటర్లు, సగటున నూటికి ఐదు చొప్పున ఎక్కుడు, మొత్తం 700 మీటర్ల ఎత్తు. మన లెక్కలో మూడు సింహాచలాలు, వరసగా, మధ్యలో పనసతొనలు లేకుండా.

పొద్దున్నే సింహం దగ్గర నుంచి బయల్దేరా. కోట కింద ఎర్ర ఇసుకరాతి సింహం, ఫొటో పంపా కదా, లిబర్టీ విగ్రహం చేసిన బార్తోల్దీ చేసిందే. సింహం కాళ్ళ దగ్గర మొదలెడితేగానీ మనం కొండ ఎక్కినట్టు కాదుగా! సావురూజ్ అని చిన్న ఏరు ఊరి మధ్య నుంచి పోతుంది, అది పుట్టేది ఆ కొండ మీదే, కాబట్టి దారి పెద్దగా వెతుక్కోనక్కర్లేదు, ఏటికి ఎదురు వెళ్ళడమే.

అయితే ఆ రోజు ఎండరా బాబూ, తొమ్మిదింటికే తారు మెత్తబడిపోయింది. రెండు సీసాల్లో ఒకటి జిరోమాన్యీ రాకముందే ఖాళీ. ఇక్కడ ఆగస్టు 15 మేరీమాత పండగ, దేశమంతా సెలవు, నాకు దొరికిన బేకరీ, కాఫీ కొట్టు అన్నీ మూసే ఉన్నాయి. మనకేమో జెండా పండగ, చాక్లెట్లు, నువ్వు రెండోసారి లైన్లో నిలబడి మాస్టారికి దొరికిపోవడం... సరే. ఎక్కుడు మొదలయ్యే ముందు ఒక ఊళ్ళో రాతి తొట్టి, దాంట్లోకి చల్లగా ధార పడుతోంది, మీద రేకు బోర్డు: తాగే నీళ్ళు కావు. చూస్తూ నిలబడ్డా. అంతలో ఒక పెద్దాయన సైకిల్ మీద పోతూ నా ఖాళీ సీసా చూసి, ఆగకుండానే చెయ్యి ఊపి అరిచాడు, "సిమితియేర్!"

శ్మశానం! నీళ్ళు శ్మశానంలో పట్టుకోమంటున్నాడు!

తర్వాత తెలిసింది, ఇక్కడ సైకిల్ తొక్కేవాళ్ళందరికీ ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతేనట. ఏ ఊళ్ళోనైనా శ్మశానం ఉంటుంది, సమాధుల మీద పూలకుండీలకి పోయడానికి పంపు ఉంటుంది, బోర్డు ఏమీ లేకపోతే మామూలుగా ఊరికొచ్చే నీళ్ళే. కానీ నాకెలా ఉంటుందో నువ్వు ఆలోచించు. మనకి శ్మశానం ఊరవతల, వెళ్ళొస్తే గుమ్మం బయటే నీళ్ళు పోసుకుని గానీ లోపలికి రానివ్వరు, అక్కడి నీళ్ళు తాగడమా? గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. చివరికి షూ విప్పేసి సాక్సులతో లోపలికి వెళ్ళా. ఎందుకు విప్పానో చెప్పలేను, కాళ్ళే విప్పించాయి. కంకర దారి, గుచ్చుకుంటోంది.

పంపు గోడవారన ఉంది, పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ నీళ్ళ క్యాన్లు కొక్కేలకి వేలాడుతున్నాయి. ఒక ముసలావిడ ఉంది, మన పిన్ని వయసు కంటే ఇంకో పదిహేనేళ్ళు పెద్ద. నా సాక్సుల వంక చూసింది, ఏమీ అడగలేదు. నా చేతిలోంచి సీసాలు తీసుకుని, పంపు తిప్పి కొంచెంసేపు వదిలేసింది, గొట్టంలో మొదటి నీళ్ళు ఎండకి కాగి ఉంటాయట. చేతి వెనకవైపు ధారకి ఆనించి చూస్తూ ఉంది, చల్లబడ్డాక సీసాలు రెండేసి సార్లు కడిగి నింపిచ్చింది. చెయ్యి వెనకవైపుతో చూడటం, పిన్ని చంటిపిల్ల స్నానానికి అలాగే చూసేది కదా.

ఆ తర్వాత నిండిన క్యాన్ చూపించి, చివరి వరస దాకా మోసిపెడతావా అనడిగింది. రెండు క్యాన్లు తీసుకెళ్ళా. ఎర్ర జెరేనియం పూలు. ఆవిడకి వంగడం కష్టంగా ఉంది, నువ్వే పోసెయ్ అంది. పోశా. ఎవరి సమాధో తెలీదురా, పేరు చదవలేదు, కావాలనే చదవలేదు. క్యాన్ వంచుతుంటే నీళ్ళు సన్నగా వేళ్ళ మీంచి పడుతున్నాయి, దోసిలితో వదిలినట్టే, ఇంక అక్కడ

శీనూ, ఏప్రిల్లో బాబాయ్ పోయినప్పుడు నేను రాలేదు. ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు రెన్యువల్లో ఉంది, దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదోనని భయపడ్డా. ఫోన్లో నువ్వు "పర్లేదురా" అన్నావ్. అది పర్లేదు కాదని నాకు తెలుసు. అందుకే రాయలేకపోయా, ఏం రాసినా నాకే బాగోలేదు.

ఆవిడ నా భుజం మీద చెయ్యేసి ఏదో అంది, ఫ్రెంచో ఇక్కడి యాసో అర్థం కాలేదు. నేను షూ వేసుకుని బయటికొచ్చేశా. గేటు బయట నిలబడి అర సీసా తాగేశా. చాలా బాగున్నాయ్ ఆ నీళ్ళు.

ఇంక కొండ. లెప్వీ ఊరు దాటాక రోడ్డు అడవిలోకి దూరిపోతుంది. బీచ్ చెట్లు, పైకెళ్ళేకొద్దీ ఫర్, స్ప్రూస్, ఎండ మొత్తం పైనే ఆగిపోయింది, ఒక్కసారిగా చల్లదనం. రోడ్డు పక్కన నరికిన దుంగల కుప్పలు, పచ్చి జిగురు వాసన ముక్కుకి ఘాటుగా కొడుతోంది. అక్కడక్కడ ఎండి గోధుమరంగుకి తిరిగిన చెట్లు, కొన్నేళ్ళుగా వానలు సరిగా లేక బెరడు కింద పురుగు పడుతోందట, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఎడంపక్క కింద ఏరు చప్పుడు, ఒకచోట చిన్న జలపాతం, దాని పేరుకి అర్థం ట్రౌట్ చేప దూకు అని.

అప్పుడు మొదలెట్టాన్రా. ఎక్కాలు! బాబాయ్ మనల్ని సింహాచలం ఘాట్ రోడ్డులో ఎక్కించినట్టే, "కొండ ఎక్కాలంటే ఎక్కాలు చదవండ్రా" అని అట్లాస్ సైకిల్ మీద వెనక నుంచి అరిచేవాడు కదా. పదమూడు కిలోమీటర్లు, పదమూడో ఎక్కం. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, ఒక్కో మెట్టుకి ఒక్కో పెడల్. పైకే చదివా, ఎవరున్నారు వినడానికి. ఏడో కిలోమీటరు దగ్గర పదమూడేళ్ళు అని ఆగిపోయా. నీ చోటు కదరా అది! నువ్వు అక్కడ ఆగిపోతే బాబాయ్ చెప్పేవాడు కాదు, నీకు వచ్చేదాకా మనందరం ఆ మలుపులో అనాసపండు ముక్కలు ఉప్పూకారంతో తింటూ కూర్చునేవాళ్ళం. నేను సైకిల్ ఆపకుండా నీ కోసం ఒక మలుపంతా ఆగా. తర్వాత తొంభై ఒకటి అని గట్టిగా అరిచా. కొండకి వినపడింది.

పదో కిలోమీటరు తర్వాత ఎక్కం అయిపోయింది, అక్కడి నుంచి నూట నలభై మూడు, నూట యాభై ఆరు, మనకి ఎవరూ నేర్పని లెక్కలు. చెట్లు పలచబడి గడ్డి మైదానం వచ్చేసింది, మెడలో గంటలతో ఆవులు, గాలి. పైన రెనె పోతియే స్మారకం ఉంది. 1905లో ఈ కొండ పైకి మొదట చేరింది ఆయనే, గేర్లు మార్చే సైకిళ్ళు లేని రోజుల్లో. 1906లో టూర్ గెలిచాడు, 1907 జనవరిలో చనిపోయాడు, పాపం. మిగిలిన సీసాలో నీళ్ళు కొంచెం ఆ రాయి కింద పోశా. చుట్టుపక్కలవాళ్ళు చూశారేమో, చూడనీ.

అక్కడే అడవి బ్లూబెర్రీ టార్ట్ తిన్నా, ఈ కొండల్లోవాళ్ళు ఆ పండుని బ్రింబెల్ అంటారు. నాలిక నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లగా అయిపోయింది, సెల్ఫీ పంపిస్తా, పిన్నికి చూపించు.

దిగడం అవతలివైపు, సెవెన్ ఊరు మీదుగా. ఆ పక్కంతా 1871 నుంచి 1918 దాకా జర్మనీ, బెల్ఫోర్ మాత్రం జర్మన్ల 103 రోజుల ముట్టడి తట్టుకుని ఫ్రాన్స్‌లోనే ఉండిపోయింది, మన సింహం దాని గుర్తే. చెమట బట్టల మీద చలిగాలి, బ్రేకు లీవర్ల మీద వేళ్ళు బిగుసుకుపోయాయి, ఒక మలుపు తిరిగేసరికి చెట్ల సందుల్లోంచి ఆల్ఫెల్డ్ చెరువు

సారీరా, ట్రైన్ ములూజ్ వచ్చేసింది, దిగాలి. చెరువు సంగతి రాత్రికి రాస్తా. డిసెంబరులో టికెట్లు చూస్తున్నా, నిజంగానే. బాబాయ్ అట్లాస్ ఎవరికీ ఇవ్వకు, చైనుకి కిరసనాయిలు నేనే రాస్