పల్సు చూసి సంతకం పెట్టు

దోస్త్,

మంచిగున్నవా? హన్మకొండ ఆఫీసుకు ఫోన్ల కనెక్షన్ కోసమని ఫోన్ కంపెనీ వాళ్లిచ్చిన కొటేషన్ ఫొటోలు నాలుగూ చూసిన. నాలుగు పేజీలల్ల మామూలు మనిషికి అర్థమయ్యే మాట ఒక్క ‘రూపాయలు’ మాత్రమే. అది గూడ అడుగున చిన్న అచ్చుల పెట్టిండ్రు. పీఆర్‌ఐ అంటే ఏంది, పల్సు అంటే ఏంది, ఎస్‌డీసీఏ ఎక్కడ్నుంచి వచ్చింది అని అడిగినవ్ గదా. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవ్, అందుకే రాస్తున్న. తీరిగ్గ చాయ తాగుకుంట చదువు.

ముందుగాల ఒక్కటి మనసుల పెట్టుకో. ఈ ధంధాల మాటలు చానా మట్టుకు దూరం పేరు మీద పుట్టినయి. ఇప్పుడు మన దేశంల దూరానికి పైసలు తీసుకునుడు దాదాపు పోయింది. మాటలు మాత్రం పాత ఇంటి గుమ్మానికి బోర్డు వేలాడినట్టు అట్లనే ఉన్నయి. పైసలేమో పోయి పల్సుల కూసున్నయి.

‘ట్రంకు’ తోని మొదలుపెడ్త. ఇంటి నుంచి ఎక్స్ఛేంజి, అంటే ఊరి ఫోన్లన్నిటిని కలిపే కేంద్రం, దాక వచ్చేది లైను. ఒక ఎక్స్ఛేంజి నుంచి ఇంకో ఎక్స్ఛేంజికి పోయేది ట్రంకు. లైను ఒక్కరిది, ట్రంకు అందరిది. అందుకే పాత రోజులల్ల వరంగల్ నుంచి బొంబాయికి మాట్లాడాలంటే 180కి ఫోన్ కొట్టి ట్రంకు కాల్ బుక్ చేసుకునుడు, ఆపరేటర్ ఖాళీ ట్రంకు దొరికినప్పుడు కలుపుడు. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. పైసలు ఎక్కువ కడితే వరుసల ముందుకు జరుగుతవ్, గంతే. ‘పీపీ కాల్’ అంటే ఫలానా మనిషే కావాలె అని అడుగుడు. ఆ మనిషి దొరికినంకనే లెక్క మొదలు, కాకపోతే దానికి అదనపు రుసుము. మూడు నిమిషాలకొకసారి ఆపరేటర్ మధ్యల దూరి ‘త్రీ మినిట్స్’ అంటుండె. ఛార్జీ మూడు నిమిషాల లెక్కన ఉండుడే దానికి కారణం. ఇప్పుడు నీ కొటేషన్ల ఉన్న ‘సిప్ ట్రంక్’ గూడ ఆ ట్రంకు వంశమే. రాగి తీగె పోయి ఇంటర్నెట్ దారి వచ్చింది, పేరు మారలే.

ఎస్‌టీడీ అంటే దూరపు కాల్ అని అందరనుకుంటరు. అసలు అర్థం ‘సబ్‌స్క్రైబర్ ట్రంక్ డయలింగ్’, అంటే ఆపరేటర్ లేకుండ గ్రాహకుడే ట్రంకు డయల్ చేసుకునుడు. మన దేశంల మొదటిది 1960 నవంబరుల కాన్పూర్, లక్నో మధ్య వచ్చింది. ఆపరేటర్ లేకపోతే లెక్క ఎవరు రాయాలె? అక్కడ పుట్టింది పల్సు, అంటే మీటరును జరిపే చిన్న కరెంటు సైగ.

దీని తెలివి చూడు. ఎక్స్ఛేంజిల ప్రతి గ్రాహకునికి ఒక మీటరు. అవతలోడు ఫోన్ ఎత్తంగనే ఒక పల్సు పడ్తది, మీటరు ఒక అంకె జరుగుతది. ఆ తర్వాత నిర్ణీత వ్యవధికొకసారి ఇంకో పల్సు. పల్సు ధర మాత్రం ఒక్కటే. తర్వాతి రోజులల్ల లోకల్ కాల్‌కు మూడు నిమిషాలకొక పల్సు, దూరం పెరిగిన కొద్ది వ్యవధి తగ్గుకుంట సెకన్లల్లకు వస్తది. రాత్రి పూట సగం రేటు అంటే పల్సు ధర తగ్గించుడు కాదు, పల్సుల మధ్య ఎడం రెండింతలు చేసుడు. పసుపు రంగు బోర్డు ఎస్‌టీడీ బూతులల్ల ఎర్ర అంకెల మిషిను ఉంటుండె చూడు, అది ఎక్స్ఛేంజి పంపే ఆ పల్సులనే లెక్కపెట్టేది. ఇంకొన్ని మిషిన్లు అవతల ఫోన్ ఎత్తినప్పుడు లైను ధ్రువాలు తిరగబడుడు చూసి, అక్కడ్నుంచి సొంతంగ లెక్కించేటివి. ఆ తిరగబడుడు సరిగ్గ అందకపోతే, లేకపోతే మిషినును టైమర్ మీద పెట్టి ఉంచితే, రింగు మోగుతుండంగనే మీటరు ఉరుకుతది. బూతుల కాడ జరిగిన పంచాదులల్ల కొన్ని దీనివే.

2006 మార్చి 1 నాడు బీఎస్‌ఎన్‌ఎల్, ఎంటీఎన్‌ఎల్ ‘వన్ ఇండియా’ పథకం తెచ్చి, దేశంల ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నయి. దూరం రేటు అక్కడ్నే నేలకొరిగింది. పల్సు మాత్రం బతికింది.

ఇప్పుడు నీ కాగితం రెండో పేజీ తియ్యి. రెండు ప్లాన్లు ఉన్నయి. ఒకదాంట్ల ‘60 సెకన్ల పల్సు, పల్సుకు రూపాయి’. ఇంకోదాంట్ల ‘1 సెకను పల్సు, సెకనుకు 2 పైసలు’. చూడంగనే రెండోది నిమిషానికి 1.20 పడ్తది, మొదటిదే అగ్గువ అనిపిస్తది. ఆగు. మీ ఆఫీసు కాల్స్ ఎట్ల ఉంటయి? ‘సార్, సరుకు బయల్దేరింది, సాయంత్రానికి వస్తది’ అనే తీరుగ ఉంటయి. 65 సెకన్లు అనుకో. మొదటి ప్లాన్ల 60 దాటి ఒక్క సెకను పోయినా రెండో పల్సు పడ్తది, అంటే 2 రూపాయలు. రెండో ప్లాన్ల 65 రెండ్ల 130 పైసలు. రోజుకు 40 కాల్స్ అయితే ఒకదాంట్ల 80, ఇంకోదాంట్ల 52. నెలకు 25 పని దినాలు అంటే 700 రూపాయల తేడా. అదే కాల్స్ సగటున 55 సెకన్లే ఉంటే మొదటిదాంట్ల రూపాయి, రెండోదాంట్ల 1.10 పడి లెక్క తారుమారైతది. అందుకే ముందు పాత బిల్లు వివరంగ తీసుకో. ఒక్కో కాలు ఎన్ని సెకన్లో చూడు, అప్పుడు ప్లాన్ మీద టిక్కు పెట్టు. ఫ్రీ నిమిషాలు అని రాస్తే అందుల ఐఎస్‌డీ (విదేశీ కాల్స్), 1860 నంబర్లు కలుస్తయా అని అడుగు, మామూలుగ కలవయి. 1800కి చేస్తే పైసలు అవతలోనియి, 1860కి చేస్తే నీయి.

ఇగ ఎస్‌డీసీఏ. విస్తరిస్తే ‘షార్ట్ డిస్టెన్స్ ఛార్జింగ్ ఏరియా’. దేశాన్ని రెండు వేల ఆరు వందలకు పైన ఇసొంటి ముక్కలు చేసిండ్రు, మోటుగ చెప్పాలంటే తాలూకా అంత ఒక్కోటి. ఎస్‌టీడీ కోడు ఊరికి కాదు, ఈ ముక్కకు. వరంగల్‌కు 0870, కరీంనగర్‌కు 0878, జగిత్యాలకు 08724, ఆదిలాబాద్‌కు 08732. ముందటి సున్న తీసేసి కోడునూ నంబరునూ కలిపి లెక్కపెట్టు, ఎక్కడైనా పది అంకెలే. వరంగల్‌ది మూడంకెల కోడు, ఏడంకెల నంబరు. జగిత్యాలది నాలుగంకెల కోడు, ఆరంకెల నంబరు. హైదరాబాద్‌ది 40, తర్వాత ఎనిమిది. కొన్ని ముక్కలు కలిపితే ఎల్‌డీసీఏ (లాంగ్ డిస్టెన్స్ ఛార్జింగ్ ఏరియా), అది పెద్దది, సుమారు పాత జిల్లా అంత. దూరం రేట్లు నడిచిన కాలంల ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి పటం మీద గీత గీసినట్టు నేరుగ కొలుస్తుండిరి, రోడ్డు కిలోమీటర్లు కావు.

ఆ సున్న సంగతి గూడ విను, నీ విజిటింగ్ కార్డు మీద తప్పున్నది. ‘+91 0870’ అని అచ్చేసినవ్. సున్న అంటే ‘నేను ఈ దేశంలనే దూరం పోతున్న’ అని ఎక్స్ఛేంజికి చెప్పుడు. రెండు సున్నలు అంటే దేశం దాటుతున్న అని. ప్లస్ గుర్తుంటే దేశం దాటుడు అప్పటికే చెప్పినట్టు, 91 తర్వాత మళ్ల సున్న పెడితే నంబరు తప్పైతది. దుబాయిల ఉన్న మన సిరిసిల్ల పిలగాడు అది చూసి కొడితే కలవదు. ‘+91 870’ అని దిద్దించు. ఇంకోటి, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ల కెళ్లి సెల్లుకు చేయాలంటే సున్న తప్పనిసరి. కొత్త నంబర్లకు జాగ కోసం చేసిన పని అది. మీ ఆఫీసు ఫోన్లన్నిటిని కలిపే కొత్త డబ్బా ఈపీఏబీఎక్స్‌ల ఈ సున్న తానే కలిపే తీరుగ పెట్టించు, లేకపోతే ఆఫీసుల అందరు ‘లైన్ కలుస్తలేదు’ అనుకుంట నీ మీద పడ్తరు.

ఎన్‌ఎల్‌డీ అన్న దగ్గర నాకు ఎప్పుడూ నవ్వొస్తది. ‘నేషనల్ లాంగ్ డిస్టెన్స్’. లైసెన్సు లెక్కల దేశం సర్కిళ్లుగ, అంటే మోటుగ రాష్ట్రమంత ముక్కలుగ, ఉంటది. సర్కిల్ దాటే కాలు ఎన్‌ఎల్‌డీ కంపెనీ చేతి మీదుగ పోవాలె. 2014ల రాష్ట్రం విడిపోయింది గని, లైసెన్సు సర్కిల్ మాత్రం విడిపోలే, తెలంగాణ ఆంధ్రా కలిపి ఇంకా ఒక్కటే. కాళేశ్వరం గట్టు మీద నిలబడి గోదావరి అవతలున్న సిరొంచకు ఫోన్ చేస్తే అది మహారాష్ట్ర సర్కిల్, అంటే ఇంటర్ సర్కిల్, లాంగ్ డిస్టెన్స్. అదే కాళేశ్వరం నుంచి శ్రీకాకుళంకు చేస్తే ఇంట్రా సర్కిల్, అంటే సర్కిల్ లోపలిదే! నీ కొటేషన్ల ఈ రెండిటికి రెండు రేట్లు రాసి ఉన్నయేమో చూడు. ఉంటే, రెండూ ఒక్కటి చెయ్యమని గట్టిగ అడుగు. 2000 సంవత్సరంలనే ఎన్‌ఎల్‌డీ ప్రైవేటుకు తెరిచిండ్రు, 2002ల విదేశీ కాల్స్, అంటే ఐఎల్‌డీ. పోటీ ఉన్నది, బేరం నడుస్తది. అవతలి కంపెనీకి కట్టే ‘టెర్మినేషన్ ఛార్జి’ అని సాకు చెప్తే, దేశం లోపలి కాల్స్‌కు అది 2021 జనవరి 1 నాటికే మొత్తం సున్న అయ్యిందని చెప్పు.

పీఆర్‌ఐ అంటే ఒక్క కేబుల్ మీద 30 మాటలు ఒకేసారి పోయే దారి. లోపల 32 గదులుంటయి, ఒక్కోటి సెకనుకు 64 కిలోబిట్ల వేగం. ఒకటి రెండు దిక్కుల టైము ఒక్కటిగ ఉంచేటందుకు, ఇంకోటి సిగ్నలింగ్‌కు, అంటే కాలు కలిపే, తెంపే సంగతులకు, మిగిలిన 30 మాటలకు. వీటినే ‘ఛానళ్లు’ అంటరు. డీఐడీ వేరు, అది ఒక్కో టేబులుకు ఇచ్చే సొంత నంబరు. వంద డీఐడీలు ఉండొచ్చు, కానీ ఒకేసారి మాట్లాడేది 30 మందే. సేల్స్ పిలగాడు ‘వంద లైన్లు’ అంటే ఏ వంద అని అడుగు.

ఎన్ని ఛానళ్లు కావాలె? దీనికి ‘ఎర్లాంగ్’ అని ఒక కొలత. ఒక లైను గంటసేపు నిండుగ నడిస్తే ఒక ఎర్లాంగ్. మీకు బాగ రద్దీ ఉండే గంటల 200 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకో. 600 నిమిషాలు, అంటే 10 ఎర్లాంగ్‌లు. అట్లయితే 10 ఛానళ్లు సాలు అనుకుంటవ్. సాలవు. కాల్స్ వరుస కట్టి రావు గదా, గుంపుగ వచ్చి పడ్తయి. పదే పెడితే ఐదింటిల ఒకటి బిజీ టోన్ వింటది. నూటికి ఒక్కటి మాత్రమే బిజీ రావాలంటే 18 కావాలె. నీ రద్దీ గంట లెక్క రెండు వారాలు రాసి పెట్టు, నిండు 30కి పైసలు పెట్టే పని ఉండకపోవచ్చు.

కొటేషన్ అడుగున ఉన్న ఏఎస్‌ఆర్ అంటే కొట్టిన కాల్స్‌ల ఎత్తినవి నూటికి ఎన్ని అని. ఏసీడీ అంటే సగటున ఎంతసేపు మాట్లాడిండ్రు. పీడీడీ అంటే చివరి అంకె నొక్కినప్పటి నుంచి రింగు వినపడే దాక పట్టిన టైము. ఏసీడీ పడిపోయిందంటే ‘హలో హలో’ అని పెట్టేస్తున్నరన్నట్టు, ఆ రూటుల మాట సరిగ్గ వస్తలేదన్నట్టు.

గల్ఫ్ కాల్స్ గురించి విడిగ అడిగినవ్. మన దిక్కు ఇంటికొకరు దుబాయో మస్కటో ఉంటరు కాబట్టి ఈ దొంగతనాల పేర్లు తెల్సుండాలె. అక్కడ్నుంచి ఫోన్ వస్తే ఇక్కడి సెల్ నంబరు కనపడిందంటే అది సిమ్ బాక్స్ పని అయ్యుండొచ్చు. ఇంటర్నెట్ మీద కాలు తెచ్చి, ఇక్కడ డబ్బాల పెట్టిన సిమ్ముల నుంచి లోకల్ కాల్ లెక్క వదుల్తరు, విదేశీ టెర్మినేషన్ ఛార్జి ఎగ్గొట్టుడు. ‘ఫాల్స్ ఆన్సర్’ అంటే అవతల ఎత్తకముందే లెక్క మొదలుపెట్టుడు, పాత బూతు మీటరు రోగమే మళ్ల కొత్త బట్టలల్ల వచ్చింది. ‘వాంగిరి’ జపాన్ మాట, ఒక్క రింగిచ్చి కట్ చేసుడు. తెలియని దేశం కోడు తోని మిస్డ్ కాల్ వస్తే తిరిగి కొట్టకు. గల్ఫ్ కోడులు నోటికి పట్టుకో: యూఏఈ 971, సౌదీ 966, కువైట్ 965, ఒమన్ 968, ఖతర్ 974, బహ్రెయిన్ 973. ఇవి కాని 9తో మొదలయ్యేవి చానా ఉన్నయి, అన్నీ గల్ఫ్ అనుకోకు. దుబాయి బ్రాంచి కాల్స్ ఇంటర్నెట్ మీద తెచ్చి మీ పీఆర్‌ఐల నుంచి బయటికి వదులుదాం, పైసలు మిగుల్తయి అని ఎవడన్న సలహా ఇస్తే వద్దను. దాన్ని టోల్ బైపాస్ అంటరు, చట్టం ఒప్పదు.

ఈపీఏబీఎక్స్ పెట్టినంక ఒక పని వెంటనే చేయించు. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డు మార్చాలె. బయట్నుంచి ఫోన్ చేసి లోపలి లైను మీద మళ్ల బయటికి చేసే సౌకర్యం ఒకటుంటది, డీసా అంటరు, అది బందు చేయించు. ఐఎస్‌డీ ఒక్క నీ టేబులుకు, అకౌంట్స్ టేబులుకు ఉంచి మిగిలినయన్నిటికి లాక్ వేయించు. దొంగలు శనివారం రాత్రి దూరి సోమవారం పొద్దుగాల దాక దూర దేశాలకు కాల్స్ ఉరికిస్తరు, బిల్లు చూసినప్పుడే తెలుస్తది. బిల్లు మీద కొట్లాడాలంటే సీడీఆర్ అడుగు. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, ఎన్ని సెకన్లు, ఏ ట్రంకు మీద అని ఒక్కో కాలుకు ఒక వరుస ఉంటది.

మూడో పేజీ ఫొటో మసకగ వచ్చింది, డిపాజిట్ వాపస్ షరతు అందుల్నే ఉన్నట్టున్నది. అది మళ్ల తీసి పంపు, చూసినంక సంతకం పెడుదువు.

నీ దోస్తు