నాసిరకం రెజిన్‌తో పోసిన బాడీ మీకు అంటగట్టను: ఆలస్యం గురించి, మారిన రూపం గురించి

మిడ్ ఇంజను టూ సీటర్ కిట్ కారు (ఇంజను సీట్ల వెనుక ఉండే రెండు సీట్ల బండి) కోసం మా దగ్గర అడ్వాన్సు కట్టినవారికి, ఏళ్లుగా మా నల్గొండ షెడ్డుకు వచ్చిపోతున్న పాత ఖాతాదారులకు ఈ నాలుగు మాటలు. వర్షాకాలం మొదలయ్యేలోపు ఇస్తానన్న బండ్లు ఇవ్వలేకపోయాను. మొదటిది దసరా దాటాకే షెడ్డు నుంచి బయటికి వస్తుంది. ఫోనులో ఒకరికి చెప్పిన మాట ఇంకొకరికి మరోలా చేరుతోంది. షెడ్డు మూసేస్తున్నానని కూడా ఎవరో పుట్టించారు. మూయడం లేదు. జరిగింది ఇది.

ఛాసిస్‌ల పని ఆగలేదు. వెల్డింగులు అయ్యాయి, ఇంజన్లు కూర్చున్నాయి, గేరు కేబుళ్లు సరిచూశాం. వాటి గురించి మీరు దిగులు పడనక్కర్లేదు. దెబ్బ తిన్నది బాడీ దగ్గర.

బాడీకి వాడే పాలియెస్టర్ రెజిన్ (గాజునారతో కలిపి అచ్చులో పోస్తే గట్టిపడే జిగురు ద్రవం) నాకు హైదరాబాదు నుంచి డ్రమ్ముల్లో వస్తుంది. చాలా కాలంగా ఒకే వ్యాపారి దగ్గర కొంటున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను. ఈ వేసవిలో వచ్చిన సరుకులో మొదటి డ్రమ్ము విప్పి, ఎప్పటిలాగే నమూనా పలక పోసి చూశాం. బాగా గట్టిపడింది. మిగతా డ్రమ్ముల మీదా అదే బ్యాచ్ నంబరు, అదే తేదీ. వాటితో ఒక బండికి కావలసిన తలుపులు, ఇంజను మూత, వెనుక భాగం అన్నీ ఒకే వారంలో పోశాం.

మర్నాడు ఉదయం గోరుతో గీస్తే గీత పడింది. అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే చేతికి జిగురు తగిలింది. పైకి ఆరినట్టే ఉంది, లోపల మాత్రం పాకం కుదరని అరిసెలా మెత్తగా ఉండిపోయింది. కొన్ని రోజులు ఎండలో పెట్టి చూశాం. రెజిన్‌లో ఉండే స్టైరీన్ వాసన తగ్గలేదు. తలుపును రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పితే వంగి, వంగినచోటే ఉండిపోయింది. సరిగ్గా గట్టిపడిన ఫైబర్ అలా ఉండదు, వదలగానే టప్పున యథాస్థితికి వస్తుంది.

అప్పుడు మా మేస్త్రీ ఖాళీ డ్రమ్ము దగ్గర కూర్చుని లేబుల్ అంచును తడిగుడ్డతో నానబెట్టి మెల్లగా లేపాడు. కింద ఇంకో లేబుల్ ఉంది. దాని మీద తేదీ ఉన్నచోట బ్లేడుతో గీకేసిన గుర్తు. ముందు సంవత్సరపు అంకెలో సగం ఇంకా కనిపిస్తూనే ఉంది. రెజిన్ నిలవ ఉండే సరుకు కాదు. చల్లని నీడపట్టున పెట్టినా కొన్ని నెలలే దాని ఆయుష్షు. రేకుల గోడౌనులో ఒక వేసవి గడిపిన డ్రమ్ముకు కొత్త కాగితం అంటించి పంపారు.

ఫోటోలు తీసి పంపితే ఆ వ్యాపారి ఇచ్చిన సమాధానం ఇప్పటికీ మింగుడు పడడం లేదు. లేబుల్ గురించి ఒక్క మాట లేదు. "మీ నల్గొండ ఎండలకు ఏ రెజిన్ ఆగుతుంది? అక్కడ హార్డనర్ పాళ్లు తెలిసినవాళ్లు ఎవరున్నారు?" అన్నారు. ఈ మాట నాకొక్కడికే తగిలి ఊరుకుంటే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. అదే మాట ఆయన మరో ఇద్దరు ఖాతాదారులతోనూ అన్నారని తెలిసింది. అందుకే జవాబు మీ అందరి ముందు చెబుతున్నాను.

మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఎండాకాలంలో హార్డనర్ (రెజిన్‌ను గట్టిపరచే మందు) మోతాదు ఒక శాతం దగ్గరికి తగ్గిస్తాం, చలికాలంలో రెండుకు దగ్గరగా వెళతాం. వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు గాజునార మ్యాట్ పరవడం ముగిస్తాం. ఇది ఈ పని చేసే ప్రతి షెడ్డులో పిల్లలకు మొదటి నెలలోనే నేర్పే విషయం. అసలు సంగతి ఏమిటంటే, వేడి రెజిన్‌ను త్వరగా గట్టిపరుస్తుంది. తప్పు ఎండదే అయితే బ్రష్షు చేతిలో ఉండగానే రెజిన్ గడ్డకట్టాలి, పొరలు పగలాలి, పసుపెక్కాలి. మెత్తగా ఉండిపోవడమేమిటి? అదే వారం, అదే హార్డనరుతో, అదే చేతులు, ఇంకో చోట కొన్న రెజిన్‌తో పోసిన కూలరు తొట్లు రాయిలా ఉన్నాయి. వాటిని చూడదలచినవారు రావచ్చు, సుత్తి కూడా నేనే ఇస్తాను.

ఆ ముక్కలకు పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఇచ్చేస్తే సరిపోతుందని సలహా ఇచ్చినవారు ఉన్నారు. రంగు కింద ఏముందో ఎవరికీ తెలియదన్నారు. నిజమే, మొదటి వేసవి దాకా తెలియదు. తరువాత ఇంజను మూత వేడికి కుంగుతుంది, మ్యాట్ పోగుల అచ్చు పైకి తేలుతుంది, తలుపు బందులు సందు వదులుతాయి. సెకండ్స్ కింద సగం ధరకు కొంటామని కూడా ఒకరు వచ్చారు. ఇవ్వలేదు. ఎవరి చేతికి వెళ్లినా అది మా షెడ్డు బండి అనే అంటారు. ఫైబర్‌ను కరిగించి మళ్లీ పోయడం కుదరదు. అన్నింటినీ గ్రైండరుతో కోయించేశాను. ఆ నష్టం నాది, మీ బిల్లులో ఒక్క రూపాయి కూడా కనిపించదు.

ఇంతవరకే అయితే కొత్త రెజిన్ తెచ్చి మళ్లీ పోసేవాళ్లం, ఇంత ఆలస్యం అయ్యేది కాదు. కానీ గట్టిపడని రెజిన్, అచ్చుకు అంటుకోకుండా పూసే మైనం పొరను తినేసి వెనుక భాగం అచ్చుకు పట్టేసింది. చెక్క చీలికలు దిగ్గొట్టి, సందుల్లో నీళ్లు పోసి ఊడదీస్తే, అచ్చు మీది నున్నని పూత (గెల్‌కోట్) అరచేతులంత పెచ్చులుగా దానితోపాటే లేచి వచ్చింది. ముందు భాగం అచ్చు క్షేమం. వెనుకది కొత్తగా చేయక తప్పదు.

ఇక్కడే నేను చాలా రోజులు నలిగిపోయాను. పాత రూపాన్నే తిరిగి తీర్చాలా, ఎలాగూ కొత్త అచ్చు కాబట్టి రూపం మార్చాలా?

మా బండి గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. పాత స్విఫ్ట్ 1.3 పెట్రోలు బండి ముందు భాగంలో అడ్డంగా ఉండే ఇంజనును, గేర్‌బాక్సుతో సహా ఎత్తి సీట్ల వెనుక, వెనుక చక్రాలకు ముందు కూర్చోబెడతాం. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1960లలో బ్రిటన్‌లో మినీ కారు ఇంజనుతో చిన్న చిన్న షెడ్లు ఇలాగే చేశాయి. ఫియట్ 1972లో ఎక్స్ 1/9 కారును తన 128 మోడల్ ఇంజను, గేర్‌బాక్సులతో ఇలాగే కట్టింది. దీనితో బరువు నడుమకు చేరి, బండి మలుపులో చురుగ్గా తిరుగుతుంది. ఇబ్బంది వేడితోనే. ముందు ఇంజనుకు ఎదురుగాలి నేరుగా తగులుతుంది, వెనుక ఇంజనుకు గాలిని మనమే దారి చేసి తేవాలి. రేడియేటరు ముందే ఉంటుంది, అక్కడి నుంచి నీళ్ల పైపులు బండి పొడవునా వెనక్కి పోతాయి.

పాత రూపంలో పైకప్పు అంచు నుంచి తోక దాకా ఒకే వాలుగా గాజు ఉండేది. గాజు కింద ఇంజను కనిపించేది. మీలో చాలామంది ఆ గాజు చూసే బుక్ చేసుకున్నారని నాకు తెలుసు. నాకూ ఆ వాలు మీద ప్రాణం. కాగితం మీద ఎన్ని గీతలు కొట్టేస్తే ఆ ఒక్క గీత కుదిరిందో నాకే తెలుసు. కానీ వేసవి మధ్యాహ్నం నడిపి ఆపిన బండి గాజు మీద బొటనవేలు ఒక క్షణం కన్నా ఎక్కువ ఆనించలేం. బండి ఆగాక లోపలి వేడికి బయటికి దారి లేదు. వైర్ల తొడుగులు గట్టిపడి పెళుసెక్కడం, రబ్బరు పైపులు ముందే పగలడం పాత బండ్లు సర్వీసుకు వచ్చిన ప్రతిసారీ చూస్తున్నాం.

షెడ్డు గోడ మీద బొగ్గుతో బండి పక్క రూపాన్ని అసలు సైజులో గీసి, తోకను అట్టముక్కలతో మార్చి మార్చి పెట్టి చూశాను. గాజు తీసేసి మధ్యలో సందులున్న అడ్డపలకలు పెడితే వేడి పైకి పోతుంది. కానీ వెనుక డెక్కు రెండు అంగుళాలు లేవాలి, లేస్తే ఆ వాలు విరుగుతుంది. విరిగిన వాలు ముందు ముక్కుతో కలవదేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఒకరోజు పాత రూపమే అని నిర్ణయించి పనివాళ్లకు చెప్పాను, మర్నాడు వద్దన్నాను. మేస్త్రీ విసుక్కున్నాడు, ఇంట్లోవాళ్లూ విసుక్కున్నారు. చివరికి 1966లో జెనీవా ప్రదర్శనలో జనాన్ని నిలబెట్టిన లంబోర్గిని మియురా ఫోటోలు ముందేసుకుని కూర్చున్నాను. దాని ఇంజను మీదా గాజు లేదు, నల్లని అడ్డపలకలే. అయినా ఆ బండిని అందంగా లేదన్నవారిని నేను చూడలేదు.

రూపం మారుస్తున్నాను. వెనుక గాజు ఉండదు, అడ్డపలకలు వస్తాయి. అద్దంలో వెనుక దృశ్యం కొంచెం తగ్గుతుంది, అందుకు పక్క అద్దాలు పెద్దవి ఇస్తున్నాను. తలుపుల వెనుక గాలి నోళ్లు పెద్దవవుతాయి, వాటి పెదవి బాడీకి అతుక్కోకుండా రెండు వేళ్ల సందు వదిలి నిలుస్తుంది. బాడీని రాసుకుంటూ పోయే గాలిలో వేగం ఉండదు, కొంచెం ఎడంగా ఉన్న గాలిని పట్టుకుంటేనే లోపలికి బలంగా పోతుంది. ఇంజను మూతను మామూలు రెజిన్‌తో కాక వినైల్ ఎస్టర్ అనే ఇంకో రకం రెజిన్‌తో పోస్తాం. మామూలుది 60, 70 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది, ఇది 100 దాకా నిలుస్తుంది. ఖరీదు ఎక్కువే, మీ ధర మాత్రం పాతదే.

పాత వాలు కావాలని ఇప్పటికే కొందరు గట్టిగా అడిగారు. కొత్త బండి మీద అది చేయను. ఎంత అడిగినా చేయను. ఇష్టం లేనివారికి అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాను, ఇద్దరు ఇప్పటికే తీసుకున్నారు, వారి మీద నాకు ఏ కోపమూ లేదు. పాత బండ్లు ఉన్నవారు భయపడవద్దు. దెబ్బ తిన్న అచ్చును మరమ్మతు ముక్కలకు పనికొచ్చేంతవరకు బాగుచేసి ఉంచుతున్నాను. వాటికి సాన పని ఎక్కువ పడుతుంది, అది మేమే చేసి ఇస్తాం. ఇటలీ బండి గుర్తు అతికించి ఇమ్మని అడిగేవారికి మాత్రం పాత జవాబే. ఇది నల్గొండలో కట్టిన బండి, ఆ ఊరి పేరుతోనే వెళుతుంది.

ఆలస్యానికి రిజిస్ట్రేషనే కారణమా అని ఒకరు అడిగారు. కాదు. ఈ బండికి నంబరు రాదని బుకింగు రోజునే ప్రతివారికీ చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కొత్త వాహనంగా నమోదు కావాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థ నుంచి ప్రోటోటైప్ ఆమోదం కావాలి, అది నాలాంటి షెడ్డు మోయగలిగే ఖర్చు కాదు. సొంత భూమిలో, ట్రాకు మీద, ప్రదర్శనలో నడుపుకోవడానికే ఇది. ఇంటికి లారీ మీదే వస్తుంది. అద్దంకి రోడ్డు మీద ఒక్కసారి తిప్పి చూపించమని నన్ను అడగవద్దు.

రెజిన్ ఇప్పుడు వేరేచోట కొంటున్నాను. కంపెనీ సీలు, పరీక్ష పత్రం లేని డ్రమ్ము షెడ్డులోకి రాదు. బ్యాచ్ నంబరును నమ్మడం మానేశాం. ప్రతి డ్రమ్ము నుంచి 100 గ్రాములు కాగితం కప్పులో తీసి, హార్డనర్ కలిపి, గడియారం పెట్టి ఎంతసేపటికి గడ్డకడుతుందో రాస్తున్నాం. మీ బండికి వాడిన డ్రమ్ము లెక్క, అదే రెజిన్‌తో పోసిన పలక ముక్క మీ బండితోపాటే ఇస్తాను. పాత వ్యాపారి డబ్బు వాపసు ఇస్తానని ఇప్పుడు కబురు పంపుతున్నారు. డబ్బుకన్నా ముందు, మా పనివాళ్ల గురించి అన్న మాటను ఎవరెవరితో అన్నారో వారందరి దగ్గరా వెనక్కి తీసుకోవాలని చెప్పాను. అంతవరకు ఆయన లారీ మా గేటు దాటదు.

కొత్త తోక ప్లగ్ (అచ్చు తీయడానికి ముందు చేసే అసలు సైజు నమూనా) ప్రస్తుతం పుట్టీ దశలో ఉంది. వినాయక చవితి తరువాత వాటర్ పేపర్ పని ముగించి దాని మీద గెల్‌కోట్ వేస్తాం, ఆ తరువాత రూపంలో ఏ మార్పూ కుదరదు. కాబట్టి చవితిలోపు ఆదివారం కాకుండా ఏ రోజైనా వచ్చి, గోడ మీది బొమ్మను, ప్లగ్‌ను కళ్లారా చూసి, ఉంటారో అడ్వాన్సు తీసుకుంటారో చెప్పండి. ఉండేవారు రంగు కూడా అప్పుడే రాయించి వెళ్లండి.