జేపెగ్ ఎక్స్-రే మీద కొలతలు

ప్రియమైన శీనూ,

ఎలా ఉన్నావురా? జేపెగ్‌గా మార్చిన పంటి ఎక్స్-రే మీద కొలతలు నమ్మొచ్చా అని అడిగావు కదా. పన్ను పొడవు వరకైతే, మోస్తరు కంప్రెషన్‌కి (ఫైల్ సైజు కుదించడానికి) కంగారుపడక్కర్లేదు. అసలు ప్రమాదం చాలామందికి తట్టని చోట ఉంది: బొమ్మ పిక్సెళ్ల సంఖ్యే తగ్గిపోవడం.

లెక్క చూడు. సెన్సార్ పిక్సెల్ 20 మైక్రాన్లు, అంటే 0.02 మి.మీ. అనుకో. బొమ్మలో 21 మి.మీ. ఉన్న పన్ను 1050 పిక్సెళ్లు పడుతుంది. మెసేజింగ్ యాప్‌లో పంపితే 1800 పిక్సెళ్ల బొమ్మ 1200కి కుదించుకుపోయిందనుకో, ఆ పన్నుకి 700 పిక్సెళ్లే మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ ఇంకా 0.02తోనే గుణిస్తే 14 మి.మీ. చూపిస్తుంది. ఇంత తేడా ఎవరికైనా కనబడుతుందిలే. అదే 1800 కాస్తా 1700 అయితే 21కి బదులు 19.8 వస్తుంది, అది పట్టుకోవడం కష్టం. వైద్య చిత్రాల కోసమే ఉన్న డైకామ్ ఫైల్‌లో పిక్సెల్ కొలత బొమ్మతోపాటే ఉంటుంది. జేపెగ్‌గా ఎగుమతి చేస్తే సాధారణంగా ఊడిపోతుంది. అందుకే బొమ్మ తెరవగానే ముందు వెడల్పు, ఎత్తు పిక్సెళ్లు ఒరిజినల్‌తో సరిపోయాయో లేదో చూడు.

ఇక కంప్రెషన్. జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గడులుగా విడదీసి, ఒక్కో గడిలో సన్నని వివరాలని ముందు పారేస్తుంది. మన సెన్సార్‌లో ఒక గడి 0.16 మి.మీ. పంటి వేరు కాలువని శుభ్రం చేసే సన్నని పనిముట్టు, 10 నంబరు కెనాల్ ఫైల్, దాని కొన 0.10 మి.మీ., అంటే 5 పిక్సెళ్లు, గడిలో సగం దాటి కొంచెం! కంప్రెషన్ గట్టిగా బిగిస్తే మొదట మసకబారేది ఆ కొనే. కొన కనబడక ఫైల్ పొట్టిగా ఉన్నట్టు కొలుస్తాం, ఇంకాస్త లోపలికి తోయాలనిపిస్తుంది. వర్కింగ్ లెంగ్త్‌లో, అంటే ఫైల్ వేరులో ఎంత లోతుకి పోవాలో ఆ కొలతలో, అది చాలా చెడ్డ తప్పు. ఎముక అంచు, అప్పుడే మొదలైన పుచ్చు లాంటి పలచని అంచులకీ ఇదే బెడద. బూడిదరంగు విలువలతో సాంద్రత కొలిచే పనైతే జేపెగ్ జోలికే పోకు. 12 బిట్ బొమ్మ 8 బిట్‌కి దిగితే 4096 బూడిదరంగు మెట్లు 256కి పడిపోతాయి.

'క్వాలిటీ 80' అన్న అంకెని నమ్మకు, ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో దానికి ఒక్కో అర్థం. కంప్రెషన్ నిష్పత్తి రాసుకో: 8 బిట్‌లో 1300×1800 బొమ్మ సుమారు 2.34 ఎంబీ, అది 234 కేబీ అయితే 10:1. జేపెగ్‌ని తెరిచి, దిద్ది, మళ్లీ జేపెగ్‌గానే సేవ్ చేస్తే ప్రతిసారీ ఇంకాస్త పోతుంది.

నీ దగ్గర ఎంతవరకు చెల్లుతుందో నువ్వే పరీక్షించుకోవచ్చు. ఒరిజినల్‌నే రెండుసార్లు, మధ్యలో కొన్ని రోజులు వదిలి కొలువు. ఆ రెంటి తేడా నీ చేతి తప్పు. తర్వాత అదే బొమ్మని 5:1, 10:1, 20:1, 40:1గా సేవ్ చేసి, పేర్లు దాచి, కలగలిపి కొలువు. ఒరిజినల్‌తో తేడా నీ చేతి తప్పుని దాటిన చోట ఆగిపో. సన్నని ఫైల్, పలచని ఎముక అంచు ఉన్న బొమ్మలు తప్పకుండా పెట్టు. తేలిక బొమ్మలతో అన్నీ పాసైపోతాయి. జూమ్, షార్పెనింగ్ అన్నిటికీ ఒకేలా ఉంచు, లేకపోతే ఏది దేనివల్ల వచ్చిందో తేలదు.

పంపాల్సివస్తే డైకామ్‌ని లాస్‌లెస్‌గానే (ఏ వివరమూ పోకుండా) పంపు, యాప్‌లో అయితే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా. నీ సాఫ్ట్‌వేర్ ఎగుమతి మెనూలో ఏమేం చూపిస్తోందో రాయి, ఏది ఎంచుకోవాలో చెప్తాను.

నీ
మిత్రుడు