తూకం ఆగిందని కషాయం పెంచుకోవద్దు

సంపాదకులకు,

బరువు తగ్గించే కొరియా కషాయాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తికరంగానే ఉన్నా, మొదట్లో చకచకా తగ్గిన బరువు ఉన్నట్టుండి నిలిచిపోయే దశను ‘మోతాదు కాస్త పెంచితే సరి’ అన్న ఒక్క మాటతో దాటవేసింది. ఆ సలహా ప్రమాదకరమే కాదు, ఆ వైద్య సంప్రదాయానికీ విరుద్ధం.

కొరియా వైద్యుడు లీ జేమా 1894లో గ్రంథస్థం చేసిన సాసాంగ్ అనే సంప్రదాయ వైద్యం మనుషులను నాలుగు ప్రకృతులుగా విభజిస్తుంది. వీరిలో ఒళ్లు చేసే స్వభావం తేయుమ్ ప్రకృతి వారికి ఎక్కువ. వారికి ధారాళంగా చెమట పడితే ఆరోగ్యం బాగున్నట్టు. సొయుమ్ ప్రకృతి వారికి అదే చెమట నీరసానికి గుర్తు. అందుకే తూకం కదలనప్పుడు ఆ వైద్యుడు చెమట, విరేచనం, అరుగుదల, నిద్ర ఎలా ఉన్నాయో అడిగి, అవసరమైతే మందునే మారుస్తాడు. ఒకే మనిషిని ఇద్దరు వైద్యులు వేర్వేరు ప్రకృతుల్లో చేర్చడమూ కద్దు కనుక ఈ విభజనపై నాకు పూర్తి నమ్మకం లేదు గాని, ఆ ప్రశ్నలు మాత్రం అడగవలసినవే.

తేయుమ్ వారికిచ్చే ప్రసిద్ధ కషాయం ‘తేయుమ్ జోవీ తాంగ్’లో చెస్ట్‌నట్, ముల్లంగి గింజలు, మన వసకు దగ్గరి బంధువైన ఒక దుంపతో పాటు మాహ్వాంగ్, అంటే ఎఫెడ్రా అనే మూలిక, ఉంటుంది. అందులోని ఎఫెడ్రిన్ ఆకలిని అణచివేస్తుంది, గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. ఎఫెడ్రా కలిసిన ఆహార పూరకాలను అమెరికా 2004లోనే నిషేధించింది. కొరియాలోనూ దాన్ని ఆహార పదార్థాల్లో కలపనివ్వరు.

నిజానికి తూకం ఆగడంలో వింతేమీ లేదు. తొలి వారాల్లో పోయేదానిలో కొంత గ్లైకోజన్ (శరీరం దాచుకునే పిండిపదార్థం), దానితో పాటు నిల్వ ఉన్న నీరు. ఆపైన, తేలికైన శరీరానికి మునుపటంత శక్తి ఖర్చు కాదు, ఆకలేమో పెరుగుతుంది. మొదటి నెలలో సరిపోయిన తిండే మూడో నెలకు బరువును అక్కడే నిలిపి ఉంచుతుంది. ఈ లెక్కను చూసుకోకుండా ఎఫెడ్రా పెంచితే ముందుగా తెలిసేది గుండెదడే.

బీపీ, థైరాయిడ్ మాత్రలు వేసుకుంటూ ఇలాంటి కషాయాలను ఆన్‌లైన్‌లో తెప్పించుకునే పాఠకులు ఉంటారు. వారికోసమైనా, మోతాదు పెంచమన్న ఆ సలహాకు సవరణ ప్రచురించి, అందులో ఎఫెడ్రా సంగతి స్పష్టంగా పేర్కొనాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ