మనస్సాక్షి ఒప్పుకుంటే చాలా?

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "మన మనస్సాక్షి ఒప్పుకుంటే చాలు, ఇంకే నియమాలూ అక్కర్లేదు" అని తేల్చేశావు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు కాబట్టి ఇప్పుడు నా వంతు.

కర్ణపర్వంలో అర్జునుణ్ణి చూడు. గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమన్నవాడి తల తీస్తానని ఆయనగారి ఒట్టు. తీరా ఆ మాట అన్నది ధర్మరాజు. వెంటనే కత్తి దూశాడు! మాట తప్పకూడదు కదా మరి. మనస్సాక్షి నిక్షేపంగా ఒప్పుకుంది. అప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెప్పాడు. నిజమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ తాపసి, దొంగలు అడిగితే పారిపోయినవాళ్లు ఎటు వెళ్లారో చూపించి నరకానికి పోయాడు. (పెద్దవాణ్ణి 'నువ్వు' అంటే చంపినట్టే అని అర్జునుడికి దారి చూపించాడు చూడు, ఆ లాయరు బుర్రకి దండం పెట్టాలి.)

అలాగని ఏ నియమాన్నైనా సందర్భాన్ని బట్టి వదిలేయొచ్చా? 1956లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కి గౌరవ డిగ్రీ ఇద్దామనుకుంటే, అక్కడే ఫిలాసఫీ చెప్పే ఎలిజబెత్ ఆన్స్కోమ్ లేచి వద్దంది. ఆయన వేయించిన హిరోషిమా, నాగసాకి అణుబాంబుల వల్ల ఎన్నో ప్రాణాలు మిగిలాయనే లెక్కను ఆవిడ కాదనలేదు. జపాన్ బేషరతుగా లొంగిపోవాలని పట్టుబట్టి ఆ పరిస్థితి తెచ్చిందెవరని అడిగింది. ఏ మంచి కోసమైనా సరే, కావాలని అమాయకుల్ని చంపితే అది హత్యే అంది. డిగ్రీ మాత్రం ఇచ్చేశారనుకో.

రెండేళ్లకి రాసిన వ్యాసంలో నీ మాటకీ జవాబుంది: మనస్సాక్షి మనిషికి అతి నీచమైన పనులు కూడా చెప్పగలదు. అందుకే మళ్లీ అరిస్టాటిల్ వైపు చూసి, మనిషి గుణాల గురించి మాట్లాడమంది. ఆయనేమో దేనికైనా మధ్యేమార్గం వెతకమంటూనే, హత్యకీ దొంగతనానికీ మధ్యేమార్గం ఉండదని ముందే చెప్పి పెట్టాడు. కౌశికుడికి లోపించింది ఈ తేడా తెలిసే వివేకమే అని నాకనిపిస్తుంది.

ఒక్క చోట ఆవిడతో నాకు పేచీ ఉంది. నిరపరాధిని శిక్షించడం గురించి ఆలోచించొచ్చు అనేవాడితో వాదించనే వాదించనంది, వాడి బుద్ధే చెడిందట. నేనైతే వాదిస్తాను. ట్రూమన్ డిగ్రీకి సరేనన్నవాళ్లంతా చెడ్డవాళ్లేం కాదుగా!

ఇంతకీ ఇదంతా నీ ఆఫీసు గొడవ గురించే. ఆ సంతకం పెట్టావా లేదా, అది రాయి ముందు.

నీ
రాము