బేకరీల ముందు కూడా ఓ బోర్డు పెట్టించండి

సంపాదకుడు గారికి నమస్తే,

ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రెయిడ్ల వార్తలు మీ పేపర్లో తరచూ చూస్తున్నాం, కిచెన్లో బొద్దింకలు, ఫ్రిజ్‌లో ఎప్పటిదో చికెన్, ఫొటోలతో సహా. చదివిన రెండ్రోజులు బయట తినం, ఆ తర్వాత మామూలే. రెయిడ్లు జరగాల్సిందే, కాదనట్లేదు. కానీ ఏ షాపు తీసుకున్నా రెయిడ్ లేని రోజులే ఎక్కువ కదా, ఆ రోజుల్లో కౌంటర్ ముందు నిలబడ్డ మాలాంటోళ్ళకి ఏం తెలుస్తోంది? రైతుబజార్లో రేట్ల బోర్డు ఉన్నట్టే బేకరీల ముందు కూడా ఏం వేశారో చెప్పే బోర్డు ఉండాలనే ఈ ఉత్తరం.

మేం ఉండేది కూకట్‌పల్లి వైపు. ఇంటిల్లిపాదికీ తిండి పిచ్చి, ఆదివారం వస్తే రైతుబజారు, అట్నుంచటే ఏదో ఒక బేకరీ, సాయంత్రం పిల్లలు పట్టుబడితే గల్లీ చివర పిజ్జా. కొత్త బేకరీ తెరిస్తే నేను ముందు కొనేది ఎగ్ పఫ్, పొరలు పొరలుగా విడిపోతే సరే, తిన్నాక అంగిట్లో మైనం పూసినట్టు జిడ్డు మిగిలిందంటే మళ్ళీ ఆ మెట్లెక్కను. ఈ నగరంలో బేకరీ తిండి అంటే చిన్న విషయం కాదు, మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ 1953 నుంచి ఉంది, ఇరానీ చాయ్‌లో ఉస్మానియా ముంచుకుని తినడం తాతల నాటి అలవాటు. ఏం ఊరిస్తున్నారో తెలిసే తింటున్నాం, ఏం వేస్తున్నారో మాత్రం తెలీదు.

రైతుబజార్లో చూడండి. 1999 జనవరి 26న మొదలైన పథకం ఇది, గవర్నమెంట్లు మారినా నిలబడింది. ఏది ఎంతో ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి పెడతారు, హోల్‌సేల్ కన్నా పావు వంతు ఎక్కువ, బయట రిటైల్ కన్నా పావు వంతు తక్కువ ఉండేట్టు రేటు కట్టాలని అప్పట్లో పెట్టుకున్న లెక్క. అందరూ ఆ రేటుకే అమ్ముతారా అంటే అమ్మరు, రైతుల మధ్యలో దళారులు కూర్చున్నారన్న గొడవా ఎప్పుడూ ఉండేదే. అయినా "ఏమ్మా, బోర్డు మీద ముప్పై ఉంటే నువ్వు నలభై అంటావేంటి" అని నేను అడగ్గలను, ఆవిడ విసుక్కుంటూ అయినా తగ్గించి, పైన ఇంత కరివేపాకు వేస్తుంది. అడిగే ధైర్యం ఆ బోర్డు వల్లే వచ్చింది.

అదే బేకరీకి వెళ్తే అద్దాల వెనక దిల్‌పసంద్, ఖారీ, పేస్ట్రీలు, క్రీమ్ బన్నులు అన్నీ లైట్ల కింద మెరుస్తుంటాయి. ఎప్పుడు చేశారు బాబూ అంటే "ఫ్రెష్ మేడమ్, పొద్దున్నే వచ్చింది" అంటాడు. కాలనీ బేకరీల్లో చాలావాటికి సొంత ఓవెనే ఉండదు, ఎక్కడో యూనిట్లో కాల్చి ట్రేల్లో ఆటో ఎక్కించి పంపిస్తారు, పాపం ఆ కుర్రాడికి మాత్రం ఏం తెలుస్తుంది. విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాయాలని 2020 అక్టోబర్ నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశమంతటికీ తిండి భద్రత రూల్స్ పెట్టే సంస్థ) రూల్ పెట్టింది, చేసిన తేదీ మాత్రం షాపు వాళ్ళ ఇష్టానికి వదిలేసింది. అలాంటి చీటీ పఫ్పుల పక్కన గానీ పేస్ట్రీల పక్కన గానీ నాకు ఇంతవరకు కనిపించలేదు.

నూనె సంగతి ఇంకోటి. నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ (గుండెకి చెడు చేసే ఓ రకం కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి రూల్. ప్యాకెట్ అయితే తిప్పి చదువుకోవచ్చు, విడిగా అమ్మే పఫ్‌ని ఎటు తిప్పి చదవాలి? చదివినా కొన్నిసార్లు కళ్ళు తిరుగుతాయి, ముందు పెద్దక్షరాల్లో రాగి బిస్కెట్ అని ఉంటుంది, వెనక చూస్తే మొదటి పేరు మైదా (ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి మరి), రాగి ఎక్కడో పంచదార తర్వాత. రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసే ఆమె నయం, పిండి కళ్ళ ముందే ఉంటుంది, చేతులతో కొట్టి కాల్చి ఇస్తుంది, ఆమెకి ఏ బోర్డూ అక్కర్లేదు.

పిజ్జాల దగ్గర అయితే మరీను. పాల కొవ్వు బదులు వెజిటబుల్ ఆయిల్ వేసి చీజ్ లాగే సాగేట్టు చేసిన సరుకు మార్కెట్లో దొరుకుతుంది, చవక, అమ్మడం నేరమేం కాదు, కాకపోతే డబ్బా మీద అనలాగ్ అని రాయాలి. ఆ డబ్బా ఉండేది కిచెన్లో, మా టేబుల్ మీదకి వచ్చేది ఎక్స్‌ట్రా చీజ్ బిల్లు. పచ్చి గుడ్లతో చేసే మేయోనీజ్‌ని తెలంగాణ గవర్నమెంట్ 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది కదా, అప్పటిదాకా మా పిల్లలు గార్లిక్ బ్రెడ్‌తో నంజుకున్నది దేంతో చేశారో మేం అడగనూ లేదు, వాళ్ళు చెప్పనూ లేదు.

పది, అంతకన్నా ఎక్కువ బ్రాంచీలున్న పెద్ద చెయిన్లు మెనూలో కేలరీలు వేయాలని రూల్ ఉంది. గల్లీ షాపుల్ని ల్యాబ్‌కి పరిగెత్తించమని నేను అనను, నష్టపోతారు, పైగా నాకు ఇష్టమైన తిండంతా వాళ్ళ దగ్గరే. నేనడిగేది ఓ నల్లబోర్డు, దాని మీద ఎక్కడ కాల్చారు, ఎప్పుడు కాల్చారు, వెన్నా వనస్పతా, చీజ్ పాలదా కాదా, అంతే. తెల్లారుజామున లేచి పిండి కలిపి సాయంత్రానికి బ్రెడ్డు ఖాళీ చేసుకునే బేకరీ అతనికి ఇది లాభమే, ఎందుకంటే ఇప్పుడు అతని నిజం వెన్న బన్నుకీ, పక్కవాడి మూడ్రోజుల బన్నుకీ అద్దం వెనక తేడా కనబడట్లేదు.

ఇంకో రూల్ పెడితే ఇన్‌స్పెక్టర్లకి ఇంకో మామూలు అని మా వారి వాదన. అది కొట్టిపారేసే మాట కాదు. అందుకే మొదట ఇష్టమున్నవాళ్ళనే పెట్టమనండి, జీహెచ్ఎంసీ వాళ్ళు ఓ నమూనా ఇస్తే చాలు, అబద్ధం రాసినవాడికి మాత్రం ఫైన్ వేయండి. రైతుబజార్లలో ఒకటి రెండు స్టాళ్ళు ఇలా బోర్డు పెట్టే లోకల్ బేకరీ వాళ్ళకి, మిల్లెట్ తిండి చేసే మహిళా సంఘాలకి ఇచ్చి చూడండి, చెక్ చేయడానికి రైతుబజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ ఎలాగూ అక్కడే ఉంటారు. ఫుడ్ సేఫ్టీ కమిషనర్ గారు దీని మీద ఏమంటారో మీ రిపోర్టర్ని ఒకసారి అడిగించి వేయండి సార్.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్